గురువారం పిండి, శుక్రవారం జీరో

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అనేవాళ్లు. అమెరికాలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం కూడా ముక్కుకి సంబంధించిందే. కాకపోతే ఆ ముక్కు నాది కాదు, మెషీన్‌ది.

ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో మాస్టర్స్ అయ్యేసరికి చేతిలో ఒక్క ఏడాది ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి ఉంది. నా క్లాస్‌మేట్లందరూ నెలరోజుల్లో జావా నేర్చేసుకుని కన్సల్టెంట్లయిపోతుంటే, నేను మాత్రం చదివిన చదువుకి తగిన పనే చేస్తానని పంతం పట్టాను. రెండువేల నాలుగు చివర్లో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఇరవై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న సర్వీస్ షాపులో చేరాను. గ్యాస్ మీటర్లు బాగుచేసే షాపు. గ్యాస్ మీటరంటే వంటగ్యాస్ బిల్లు లెక్కేసే మీటరు కాదు. మ్యాన్‌హోళ్లలోకి, పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి దిగే మనుషులు చొక్కాకి తగిలించుకునే అరచేతి పెట్టె. గాలిలో విషముంటే కూస్తుంది. దాని లోపల నాణేలంత సెన్సర్లు నాలుగైదు ఉంటాయి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్‌కి, ఒకటి కుళ్లిన గుడ్డు కంపుకొట్టే మురుగు గ్యాస్‌కి, ఒకటి ఆక్సిజన్‌కి, ఇలాగ. ఒక్కోదానిలో కాస్త యాసిడ్, రెండు మూడు ఎలక్ట్రోడ్లు. గ్యాస్ తగలగానే లోపల సన్నటి కరెంటు పుడుతుంది. తెర మీద కనబడే అంకె ఆ కరెంటే.

షాపులో మేం ముగ్గురం. ఓనరు ఒకావిడ. వాళ్ల నాన్న పెట్టిన షాపు అది. నేను మనసులో ఓనరమ్మ అనుకునేదాన్ని. రెండో మనిషి పెద్దాయన. ఓనరమ్మ జడలు వేసుకుని స్కూలుకెళ్లే రోజుల నుంచీ అదే బల్ల దగ్గర, అదే స్టూలు మీద కూర్చుని సెన్సర్లు బాగుచేస్తున్న మనిషి. మూడోదాన్ని నేను. వాళ్లిద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే అయినా ఇక్కడ నా తెలుగులోనే చెప్పేస్తాను.

పని చూడ్డానికి సులువు. మీటరు నాలుగు స్క్రూలు విప్పాలి. సెన్సర్ల ముందు పల్చటి తెల్లని ఫిల్టరు పొర ఉంటుంది, దాని మీద పేరుకున్న దుమ్మునీ జిడ్డునీ దులపాలి. పెద్దాయన దానికి బొమ్మలేసుకునే కుంచె వాడేవారు. మరీ మూసుకుపోతే పొర మార్చాలి. మీటరు ఒళ్లంతా తడిబట్టతో తుడవాలి, తడి అంటే నీళ్ల తడి మాత్రమే. సెన్సరు ప్రాణం పోయి ఉంటే కొత్తది వేయాలి. కొత్తదాని కాళ్లకి చిన్న స్ప్రింగు చుట్టి పంపుతారు, అది తీసి బిగించాలి. మొదటివారం నేను ఆ స్ప్రింగు తీయకుండానే బిగించి, "సర్, కొత్త సెన్సరే పాడైపోయింది" అని కంపెనీని తిట్టిపోశాను. పెద్దాయన దాన్ని బయటికి లాగి, స్ప్రింగు తీసి నా అరచేతిలో పెట్టారు. నాలుక కరుచుకున్నాను.

అసలు పని ఆ తర్వాత. సర్వీసైన మీటర్లని రాత్రంతా ఒక వెచ్చటి క్యాబినెట్‌లో పెట్టేవాళ్లం. సెన్సర్లు కుదుటపడాలి కదా. పొద్దున పెద్దాయన వాటికి సిలిండర్‌లోంచి శుభ్రమైన గాలి పట్టించి, "ఇదీ సున్నా" అని మీటరుకి చెప్పేవారు. దాన్ని జీరో చేయడం అంటారు. కూరగాయలు తూచేముందు ఖాళీ తక్కెడ ముల్లుని సున్నాకి తెచ్చినట్టే. అప్పుడు గనక పళ్లెం మీద ఎవరి వేలైనా ఉందనుకోండి, వేలు తీశాక తూకమంతా తక్కువే చూపిస్తుంది. జీరో తర్వాత లెక్క తెలిసిన గ్యాస్ పట్టించి అంకె సరిచేసి, తేదీ వేసి, ట్యాగు మీద సంతకం పెట్టేవారు. మనుషులు మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఆ ట్యాగు చూసుకునే. సంతకం పెట్టే హక్కు షాపులో ఆయనొక్కరికే ఉంది.

బల్ల పైన గోడకి ఒక జాబితా అంటించి ఉండేది, ఆయన చేతిరాతతో. సెంటు వద్దు. హెయిర్ స్ప్రే వద్దు. నెయిల్ పాలిష్ వద్దు. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు. సిలికోన్ గ్రీజు వద్దు. మార్కర్ పెన్ను వద్దు. నారింజ తొక్క వద్దు. వీటి ఆవిర్లు సెన్సర్లని పాడుచేస్తాయి, లేకపోతే తికమక పెడతాయి. ఆ ఏడు సూత్రాలూ నాకు తెగ నచ్చేశాయి. తిట్టడానికి కారణాలు రాసి గోడకంటిస్తే నాలాంటిదానికి ఇంకేం కావాలి? కొరియర్ అబ్బాయి ఆఫ్టర్‌షేవ్ పూసుకొచ్చాడని పార్సెళ్లు గుమ్మం బయటే పెట్టించాను. ఓనరమ్మ ఓరోజు సెంటు కొట్టుకొస్తే, "మీరు అక్కణ్నుంచే చెప్పండి మేడమ్" అని ఆవిడ షాపులో ఆవిణ్నే గుమ్మం దగ్గర నిలబెట్టాను. పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి నవ్వుకున్నారు. నేను మాత్రం తలకి కొబ్బరినూనె కూడా మానేశాను.

ఇక పిండి సంగతి.

నేనూ, మా రూమ్మేటూ ఇద్దరం దోసెల మీద పడి బతికేవాళ్లం. తనది వరంగల్, నాది గుంటూరు. పచ్చడి విషయంలో రోజూ యుద్ధమే గానీ దోసె విషయంలో మాత్రం రాజీ. నేపర్‌విల్ చలికి పిండి పొంగితేనా! రెండు రోజులు గట్టు మీద పెట్టినా రుబ్బినప్పుడు ఎలా ఉందో అలాగే చల్లగా పడుండేది. అందరూ ఓవెన్‌లో లైటు వేసి పెడతారు. మేమూ పెట్టాం. ఓ శనివారం మా రూమ్మేటు లోపల గిన్నె ఉందన్న సంగతి మర్చిపోయి పిజ్జా కోసం ఓవెన్ ప్రీహీట్ చేసింది. ప్లాస్టిక్ మూత కరిగి పిండిలో కలిసి, అదొక వింత కేకు తయారైంది.

"ఏందే, ఓవెన్ల ఎవలన్న పిండి పెడ్తరా?" అని నన్నే దబాయించింది.

"నిన్న పెట్టింది నువ్వే కదే!" అన్నాను.

ఆ గొడవ తర్వాత ఒక గురువారం సాయంత్రం షాపులో ఆ క్యాబినెట్ తలుపు మూస్తుంటే లోపలి వెచ్చదనం మొహానికి తగిలింది. సరిగ్గా మా అమ్మమ్మగారి వంటింట్లో ఏప్రిల్ నెల. కింది అర ఎప్పుడూ ఖాళీయే. ఆ వారం నుంచే మొదలుపెట్టాను. గురువారం పొద్దున మిక్సీలో రుబ్బిన పిండిని స్టీలు డబ్బాలో పోసి, మూత వదులుగా పెట్టి, తువ్వాలు చుట్టి కారులో తెచ్చేదాన్ని. పెద్దాయన నాలుగింటికి వెళ్లిపోయేవారు. నేను అయిదింటికి షాపు మూసేముందు డబ్బాని కింది అరలో పెట్టేదాన్ని. శుక్రవారం ఏడున్నరకి నేనే తాళం తీసేదాన్ని కాబట్టి ఆయనొచ్చేలోపు డబ్బా నా కారు డిక్కీలోకి వెళ్లిపోయేది. ఇల్లినాయ్ జనవరిలో డిక్కీని మించిన ఫ్రిజ్ లేదు. శుక్రవారం సాయంత్రం దోసెలు, అంచులు కరకరలాడుతూ, జల్లెడలాగా కన్నాలతో. మా రూమ్మేటు తిన్నన్ని తిని, "జాబ్ అంటే నీదే జాబ్" అనేది.

పిండికి వాసనుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. నా బుర్రలో వాసనంటే సెంటు, స్ప్రే, ఇంకొకళ్లది. పిండి అంటే పిండి.

ఫిబ్రవరిలో మొదటి మీటరు వెనక్కొచ్చింది. పక్క ఊరి మురుగునీటి శాఖది. బయట గాలిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ మైనస్ తొమ్మిది చూపిస్తోందని చీటీ. సున్నాకంటే తక్కువ విషం లోకంలో ఉండదు కదా. అంటే ఎవరో సున్నా తప్పు పెట్టారన్నమాట. వారం తిరక్కుండా ఇంకోటొచ్చింది. తర్వాత ఒక ఫైర్ స్టేషన్ నుంచి రెండు. మైనస్‌లో ఉన్న మీటరు ప్రమాదం. నిజంగా విషమున్నప్పుడు కూడా తక్కువ చూపించి, కూయాల్సిన చోట కూయకుండా ఊరుకుంటుంది.

పెద్దాయన ఒక్కో మీటరునీ విప్పి చూశారు. ఫిల్టరు శుభ్రంగా ఉంది, సెన్సరు ఆరోగ్యంగా ఉంది. కొత్తగా జీరో చేస్తే చెప్పినట్టు వింటోంది. ట్యాగు మీద సంతకం ఆయనదే. తప్పు ఇంకెక్కడ వెతకాలో ఆయనకి తెలియలేదు, తన దగ్గర తప్ప. ఓ సోమవారం కొత్త కళ్లజోడుతో వచ్చారు, దళసరి అద్దాలది. "చిన్న అంకెలు మోసం చేస్తున్నాయేమో" అన్నారు. అప్పటిదాకా తనే కారు నడుపుకుంటూ వచ్చే ఆయన్ని ఆ రోజు నుంచి వాళ్లావిడ కారులో దింపి వెళ్లేది. ఆయన కారు రిపేరులో ఉంది కాబోలనుకున్నాను.

ఆ వారంలోనే ఓనరమ్మ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచింది. గుమ్మం దగ్గర కాదు, లోపలికే.

"నెలాఖరుకి ఆయన సంతకం ఆపించేస్తున్నాను. ఆయన కళ్లు పనికి సరిపోవడం లేదు. నాకూ కష్టంగానే ఉంది, కానీ వేరే దారి లేదు. ఆ పని నువ్వు తీసుకో. సర్టిఫికేషన్ చేసే ఉద్యోగమంటే నీ హెచ్-వన్‌కి కూడా కాగితాలు పెట్టగలను" అంది.

అబద్ధమెందుకు, నా మనసు ఎగిరి గంతేసింది. ఎండాకాలంకల్లా నా ఓపీటీ అయిపోతుంది, ఆలోపు హెచ్-వన్ వీసా రాకపోతే ఇక్కడ ఉండనివ్వరు. పెద్దాయన గురించి బాధపడ్డాను, పడలేదని కాదు. కానీ వయసైపోయింది పాపం, అనుకున్నాను. ఆ "పాపం" అన్న మాట ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా రూమ్మేటు తలనొప్పని మూలిగింది. చలికాలం కదా, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ లీకేమోనని నాకు అనుమానం. షాపు తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి వెళ్లి ఒక టెస్ట్ మీటరు తెచ్చాను. ఫర్నేస్ దగ్గర సున్నా. స్టవ్ దగ్గర సున్నా. బాత్రూంలో సున్నా. మీటరుని వంటింటి గట్టు మీద పెట్టి, దోసెలకని పిండి డబ్బా మూత తీశాను.

ఆరు. పదిహేను. ఇరవై ఎనిమిది. ముప్ఫై అయిదు దగ్గర మీటరు కెవ్వుమంది.

"ఓ పిల్లా! నీ పిండి మనల్ని సంపేటట్టుందే!" అని మా రూమ్మేటు తలనొప్పి మర్చిపోయి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆపి తెర మీది అంకెని మళ్లీ చూశాను. పిండి పులిస్తే కాస్త ఆల్కహాల్ పుడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ సెన్సరుకి ఆల్కహాల్ ఆవిరి కూడా విషంలాగే కనిపిస్తుంది. ఆ సెన్సరు లోపలుండే బొగ్గు పొర ఆ ఆవిరిని రాత్రంతా పీల్చుకుని, రోజుల తరబడి తీరిగ్గా వదులుతుంది. శుక్రవారం పొద్దున ఎంత శుభ్రమైన గాలి పట్టించినా లోపల తొమ్మిదో పదో ఉంటుంది. పెద్దాయన ఆ తొమ్మిదినే సున్నా చేసేవారు. పళ్లెం మీద వేలు నాది. వెనక్కొచ్చిన మీటర్ల ట్యాగులన్నీ నేను చూసినవే. ఒక్కటీ తప్పకుండా అన్నీ శుక్రవారం తేదీలే.

విషయం చెప్తే మా రూమ్మేటు నవ్వాపింది. "ఎవ్వరికన్న ఎర్కనా? లేదు గదా. పిండి పెట్టుడు బంద్ చెయ్, మీటర్లు గవ్వే మంచిగైతయ్. హెచ్-వన్ అయినంక నిమ్మళంగ చెప్పుకో" అంది.

"బయట ఉన్న మీటర్లు? వాటితో మనుషులు కిందికి దిగుతున్నారే!"

"మరి నీ వీసా స్టేటస్ పోతే? నువ్వు కిందికి దిగవా?"

ఆ మాటకి కోపమొచ్చింది. అట్లకాడ సింకులో విసిరేశాను. ఆ పూటంతా తన మాటే సబబని నాకూ అనిపించింది, అదీ చెప్పాలి. దోసెలు పోశాను. తినబుద్ధి కాలేదు. పొయ్యి దగ్గర నిలబడితే రోజూ వాళ్లావిడ కారులోంచి మెల్లిగా దిగే పెద్దాయనే కనిపించారు.

సోమవారం పొద్దున డబ్బాని తువ్వాలు లేకుండా, దాచకుండా చేత్తో పట్టుకుని షాపులోకి వెళ్లాను. ఓనరమ్మనీ పిలిచి, పెద్దాయన బల్ల మీదే పెట్టాను. మంచి మీటరొకటి తీసి, సున్నా ఉందని ఇద్దరికీ చూపించి, డబ్బాతో పాటు ఒక అట్టపెట్టెలో గంటసేపు మూసిపెట్టాను. ఆ గంటలో మొత్తం చెప్పేశాను. ఎనిమిది గురువారాలు, కింది అర, డిక్కీ, అన్నీ. తర్వాత మీటరుని బయటికి తీసి సిలిండర్ గాలి పట్టించాను. తెర మీద పదకొండు, కదలకుండా నిలబడింది.

ఓనరమ్మ డబ్బాలోకి తొంగి చూసింది. "ఇది తింటారా?" అంది. అవునన్నాను. నన్ను తిట్టడం తర్వాత సంగతి, ముందు ఫోన్లు చేయాలంటూ ఆఫీసు గదిలోకి పరిగెత్తింది.

ఆ తర్వాత జరిగినవి గబగబా చెప్పేస్తాను. శుక్రవారం తేదీ ఉన్న ప్రతి మీటరునీ వెనక్కి తెప్పించాం. దగ్గరి ఊళ్లవి నేనే కారేసుకుని తిరిగి తెచ్చాను. ప్రతి కౌంటర్ దగ్గరా నిలబడి "బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండి వల్ల" అని చెప్పుకోవాల్సొచ్చింది. మురుగునీటి శాఖలో ఒకాయన అంతా విని, "పోనీ, రుచిగా అయినా ఉంటుందా?" అనడిగాడు. ఉంటుందన్నాను. ఎవరికీ ఏ హానీ జరగలేదని తెలిసిన రోజు కారులోనే కూర్చుని ఏడ్చేశాను. గోడ మీద జాబితాలో ఎనిమిదో లైను చేరింది, ఓనరమ్మ చేతిరాతతో, "ఏ రకం పిండీ వద్దు" అని. పెద్దాయన సంతకం ఆయనకే ఉండిపోయింది. నా హెచ్-వన్ పెట్టలేదు. "నీ చేత సంతకం పెట్టించలేను. సంతకం లేకపోతే చూపించడానికి ఆ ఉద్యోగమే లేదు" అని మొహం మీదే చెప్పింది. న్యాయమే. ఎండాకాలంకల్లా అందర్లాగే నేనూ జావా నేర్చుకుని, హెచ్-వన్ పెట్టే కంపెనీ చూసుకుని, న్యూజెర్సీ పార్సిప్పనీలో కన్సల్టెంట్‌నయ్యాను. పంతమంతా అక్కడితో సరి.

కానీ నాకిప్పటికీ గుర్తుండేది ఆ సోమవారమే, ఓనరమ్మ ఫోన్ల కోసం లోపలికెళ్లాక. బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. పెద్దాయన చీవాట్లు పెడతారని తలొంచుకుని నిలబడ్డాను.

"అయితే," అన్నారు మెల్లిగా, "శుక్రవారాలు నేను చదివిన అంకె సరైనదేనా?"

"సరైనదే సర్. మీటరులో ఏముందో అదే చదివారు."

"ప్రతి శుక్రవారమూ?"

"ప్రతి శుక్రవారమూ సర్. ఒక్కటి కూడా తప్పు చదవలేదు."

కొత్త కళ్లజోడు తీసి, దాని డబ్బాలో పెట్టి మూత వేశారు. సొరుగులోంచి పాత కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నారు. తర్వాత గోడకున్న ఫోన్ అందుకుని నంబరు నొక్కారు. అవతల వాళ్లావిడ ఎత్తింది.

"సాయంత్రం నాలుగింటికి రా, మామూలుగానే," అన్నారాయన. "రాగానే పక్క సీట్లోకి జరిగి కూర్చో. కారు నేను నడుపుతాను."